భువనగిరిల ఒక్క రోజు: కోట ఎక్కాలె, తాటి వనం చూడాలె, ఎట్ల ప్లాన్ చేసుకోవాలె?

వలిగొండ_వాణి
అందరికీ నమస్తే. మాది వలిగొండ దగ్గర పల్లె, కాని నేను పెరిగింది మొత్తం భివండిలనే, మా నాయిన అక్కడ మగ్గాల మీద పని చేసెటోడు, పెండ్లయినంక పుణెల ఉంటున్నం. పోయిన నెల మా ఆయన ఆఫీసోళ్ళతోని నాసిక్ పోయినం, ద్రాక్ష తోటలు, వైన్ తయారు చేసే పీపాలు అన్నీ చూపించిన్రు. తోట నడుమ నిలవెట్టి మట్టి గురించి, చలి గురించి, కాయ ఎప్పుడు తెంపాలె అనేదాని గురించి ఒకాయన గంట సేపు చెప్పిండు, పిల్లలకు ద్రాక్షరసం ఇచ్చిన్రు. మా బాబు పన్నెండేండ్లోడు, వచ్చేటప్పుడు బండిల అడిగిండు, అమ్మా మీ ఊర్ల ఏం తోటలుంటయి అని. తాటిచెట్లు ఉంటయిరా అన్న. వాటి గురించి చెప్పు అన్నడు. కల్లు దింపుతరు అన్నదాని కంటె ఎక్కువ నాకు ఒక్క ముక్క రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలే.

గందుకే అడుగుతున్న, భువనగిరిల ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఉండి కోట, తాటి వనాలు, చుట్టుపక్కల చూడదగ్గవి చూపించాలె. మా మామ కూడ వస్తడు, సోలాపూర్ పద్మశాలి, డెబ్బై ఏండ్లు, మోకాళ్ళు నొస్తయి. ఫిబ్రవరి చివర్లనా, ఏప్రిల్లనా, ఎప్పుడు రావాలె?

కోటకాడి_శీను
అక్కా రండి రండి. కోట ఎక్కాలంటే ఫిబ్రవరే నయం. ఏప్రిల్ల ఆ రాతి గుండు పెనం లెక్క కాలుతది, పదకొండు దాటితే చెప్పులున్నా పాదాలు మండుతయి. మా ఇల్లు కోట కిందనే, చిన్నప్పటి సంది ఎక్కుడు దిగుడే మా ఆట. పొద్దుగాల ఆరు ఆరున్నరకు మొదలువెట్టుండి, బాబుతోని ముప్పావు గంట పడుతది అనుకోండి. ముందుగాల మంచిగ మెట్లుంటయి, దర్వాజలు దాటినంక మెట్లు గుండులనే చెక్కి ఉంటయి, కొన్ని తావుల రెయిలింగు పట్టుకుని పోవాలె. మంచినీళ్ళు కిందికెళ్ళే తీసుకపోండి, పైన ఏమీ దొరకది. మామయ్యను మొదటి దర్వాజ దాక తీసుకపోయి అక్కడ నీడల కూసోబెట్టుండి, అక్కడికెళ్ళి కూడ ఊరు కనవడుతది.

వాన పడ్డ రోజు మాత్రం ఎక్కకుండ్రి. ఆ గుండు నున్నగుంటది, తడిస్తే కాలు నిలవది.

రిటైర్డ్_సోషల్_సార్
వాణి గారూ, మీ ప్రశ్న చదివి సంతోషమైంది. నేను ఈ తాలూకాలో ముప్పై ఏండ్లు సోషల్ చెప్పిన. బాబుకు కోట ఎక్కేటప్పుడు చెప్పడానికి కొంచెం రాస్తున్న.

ఆ కొండ మొత్తం ఒకటే రాయి, అయిదు వందల అడుగుల పైన ఎత్తు, దూరం నుంచి చూస్తే కోడిగుడ్డు ఆకారం. కల్యాణి చాళుక్యుల రాజు ఆరవ విక్రమాదిత్యుడు కట్టించిండు, ఆయన 1076 నుంచి 1126 దాక ఏలిండు. ఆయన బిరుదు త్రిభువనమల్ల, దాని మీద త్రిభువనగిరి, తర్వాత భువనగిరి అయిందని పుస్తకాల మాట. ఊర్ల మాట వేరే ఉంది. బోనయ్య, గిరమ్మ అనే ముసలి ఆలుమగలు రాజుకు ఈ గుట్ట చూపించిన్రని, వాళ్ళ ఇద్దరి పేర్లు కలిపి బోనగిరి అయిందని. ఇప్పటికీ పల్లెటూరోళ్ళు బోనగిరి అనే అంటరు, రైలు స్టేషన్ల టికెట్ అడిగేటప్పుడు వినండి.

చాళుక్యుల తర్వాత కాకతీయులు, తర్వాత బహమనీలు, కుతుబ్‌షాహీలు. గోల్కొండోళ్ళు దీన్ని జైలుగా కూడ వాడిన్రు, రాజ్యం అడుగుతడని భయమున్న సొంత వంశపోళ్ళనే ఇందులో పెట్టిన్రు. పైన బారాదరి అనే కట్టడం ఉంది, రాతిల తొలిచిన నీటి గుండాలున్నయి. ఆ గుండాలు తప్పక చూపించండి. ఇంత ఎత్తుల వాననీళ్ళు ఆపుకుని సైన్యం నెలల తరబడి ఎట్ల బతికిందో అవి చూస్తేనే అర్థమైతది. కోట అంటే గోడలని పిల్లలు అనుకుంటరు, కాని కోటను నిలిపేది నీళ్ళే.

మోకు_ముత్తాదు
సార్, బోనయ్య గిరమ్మలు కల్లు గీసేటోళ్ళని మా తాత చెప్పేటోడు. కొందరు గొల్లోళ్ళంటరు. ఎవరి ఇంట్ల వాళ్ళు తమోళ్ళనే చెప్పుకుంటరు, అది తప్పనను.

వాణక్కా, నేను కల్లు గీసే గౌండ్లోళ్ళ పిలగాన్ని. మా నాయిన నలభై ఏండ్లు తాళ్ళెక్కిండు. నేను బ్యాంకుల పని చేస్తున్న, చెట్టెక్కుడు నాకు రాదు, కాని చెట్టు కింద పెరిగిన. మీ బాబుకు నాసిక్ల ఎట్ల చెప్పిన్రో గట్ల తాటిచెట్టు గురించి చెప్తా, జర పెద్దగైతది, ఓపికగ చదవుండ్రి.

తాటిల ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మగచెట్టు కాయ కాయది, దానికి పొడుగు పొడుగు కంకులస్తయి, దాన్ని పోద్దాడు అంటం. ఆడచెట్టుకు గెలలస్తయి, దాన్ని గీస్తే పరుపుతాడు. రెండిటి కల్లు రుచి వేరు వేరు, తాగే అలవాటున్న ముసలోళ్ళు ఒక్క గుటకల చెప్పేస్తరు. ఈదులు వేరే, ఈత కల్లు చలికాలంల మంచిగుంటది. మీరు ఫిబ్రవరి చివర్ల వస్తే మాదిక్కు పోద్దాడు నడుస్తది.

కల్లు అనేది చేసేది కాదు అక్కా, దింపేది. కంకి కొసను కత్తితోని ఒక్క పొర, కాయితమంత పల్చగ చెక్కాలె, గదే గీత. ఎక్కువ కోస్తే కంకి ఎండిపోతది, తక్కువ కోస్తే ఊట రాదు. దాని కింద లొట్టి, అంటే కుండ, కడ్తరు, రాత్రంత సుక్క సుక్క పడుతది. పొద్దుగాల ఎక్కి దింపుకొని మళ్ళ గీసి రావాలె, సాయంత్రం మళ్ళ ఎక్కాలె. ఒక్క పూట వదిలేస్తే చెట్టు పాడైతది, గందుకే గీసేటోనికి పండుగ లేదు, జరం లేదు, చుట్టం సావుకు పోయినా సాయంత్రానికి ఇంటికి చేరాలె. మా అక్క పెండ్లి నాడు గూడ మా నాయిన పొద్దుగాల పదిహేను చెట్లెక్కి వచ్చి తానం జేసి పీటల మీద కూసున్నడు.

చెట్టెక్కెటోని ఒంటి మీద మోకు, ముత్తాదు అనే తాళ్ళు, కాళ్ళకు గుజి అనే బంధం, నడుముకు కత్తి, లొట్టి. చెట్టు మీద రెండు చేతులు ఇడిచిపెట్టి పని చేస్తడు, నడుముకు కట్టిన మోకే ఆయన ప్రాణం. ఎక్కేముందు మా దేవుడు కాటమయ్యకు మొక్కుకుంటడు. 2024ల సర్కారు కాటమయ్య రక్షణ కవచం అని కిట్లు ఇచ్చుడు మొదలువెట్టింది, జారితే పట్టుకుని ఆపేటట్టు తాళ్ళు, క్లిప్పులు ఉంటయి. మంచి పనే. మా నాయినకు గది లేకుండె. 2009ల జారిండు, నడుము పోయింది. ఇప్పుడు మంచం మీదికెళ్ళి లేస్తడు, గోడ పట్టుకుని వాకిట్లకు వస్తడు, చెట్ల దిక్కు చూస్తడు.

పాలమూరు_పద్మ
తమ్ముడు రాసింది చదివి కండ్ల నీళ్ళొచ్చినయి. కాని నాకొక మాట చెప్పాలని ఉంది, ఎవరూ కోపం చేసుకోవద్దు.

మాది మహబూబ్‌నగర్ దిక్కు. మా మేనమామ కల్లు దుకాణంల రోజు తాగెటోడు, అది కల్లు కాదు, నీళ్ళల్ల మత్తు మందు కలిపింది. ఒకసారి వారం దినాలు ఆ దుకాణం బంద్ అయితే మామ చేతులు కాళ్ళు వణుకుడు, గోడల మీద ఏవో కనపడుతున్నయని ఒర్లుడు, తాళ్ళతోని కట్టేసి దవాఖానకు తీసుకపోయినం. అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్, ఈ పేర్లన్నీ అప్పుడు నేర్చుకున్న. అట్లాంటిది చూసిన మాకు కల్లు చూసుడు ఒక టూరు అంటే గుండెల మండుతది. పిల్లగాన్ని కల్లు మండువకు తీసుకపోయి ఏం చూపిస్తరు చెప్పండి.

మోకు_ముత్తాదు
పద్మక్కా, కోపం ఎందుకు, మీరు చెప్పింది నిజం. మా కడుపు కొట్టేది గూడ ఆ మందు కల్లే. చెట్లు లేని తావుల వందల సీసాల కల్లు ఎట్ల వస్తదో ఎవరూ అడగరు, పేరు మాత్రం గీసేటోనికి వస్తది. నేను చెప్పేది దుకాణం కాదు. చెట్టు కాడ, దింపిన లొట్టికెళ్ళి తాటాకు రేకల పోసుడు. బాబుకు కల్లు ఎందుకు, నీరా ఉంటది కద. పొద్దు పొడవకముందే దింపి, పులవకుండ చల్లగ ఉంచితే అది నీరా, తియ్యటి నీళ్ళు, మత్తుండది. ఎండ తగిలిందంటే గాలిల ఉండే ఈస్టు దాని పని అది చేస్తది, రెండు మూడు గంటల్ల పులుపెక్కుతది, పగటీలికి కల్లు, సాయంత్రానికి కడు పులుపు. ద్రాక్షరసం వైన్ అయ్యేది నెలల పని, మాది ఒక్క పగటి పని. గందుకే దీన్ని సీసాల దాచి దూరం పంపరాదు, ఇక్కడికొచ్చి తాగాల్సిందే. ద్రాక్ష తోటోళ్ళకున్న పేరు మాకు రాకపోనికి సగం కారణం ఇదే అని నాకు అనిపిస్తది.

బెజవాడ_రవి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను హైదరాబాద్‌లో ఉంటా, ఆదివారాలు సైకిల్ మీద ఆ రూట్లో వెళ్తుంటాను. పుణె నుంచి వచ్చేవాళ్ళు సికింద్రాబాద్‌లో దిగి కాజీపేట వైపు వెళ్ళే రైలు ఎక్కితే గంట అటూ ఇటూగా భువనగిరి, కాకపోతే అన్నీ ఆగవు, చూసుకోవాలి. రోడ్డయితే ఉప్పల్, ఘట్‌కేసర్, బీబీనగర్ మీదుగా వరంగల్ హైవే, యాభై కిలోమీటర్ల లోపే. హైదరాబాద్‌లో ఆగేటట్టయితే నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ ఉందండీ, 2023లో పెట్టారు, నేను మొదటిసారి నీరా తాగింది అక్కడే. మా వైపు తాటిచెట్లంటే ముంజలు, తేగలు, తాటి బెల్లం, అంతకు మించి ఆలోచించలేదు ఎప్పుడూ. చెట్టు కింద తాగితే రుచి వేరేగా ఉంటుందా?

మోకు_ముత్తాదు
రవన్నా, ఒకసారి పొద్దుగాల అయిదింటికి రా, నేనే పోపిస్తా. నువ్వు తేగలు అనేటివి మేం గేగులంటం.

రిటైర్డ్_సోషల్_సార్
పద్మమ్మ బాధ న్యాయమైంది. దానికి వెనుక కథ కూడ చెప్పాలె, ఎందుకంటే ఈ జిల్లా చరిత్రల కల్లు ఊరికే ఒక తాగుడు వస్తువు కాదు.

నిజాం కాలంల ఆబ్కారీ, అంటే కల్లు సారా మీద పన్ను, సర్కారుకు పెద్ద ఆదాయం. చెట్లను వేలం పాడేది గుత్తేదార్లు, ఎక్కేది గౌండ్ల కూలీలు. చెట్టు వానిది కాదు, కల్లు వానిది కాదు, పడి చస్తే మాత్రం వాడు చావాలె. గీసేవానికే చెట్టు అనే మాట ఈ మట్టిల నుంచే వచ్చింది. సూర్యాపేట బొమ్మగాని ధర్మభిక్షం గారు గీత పనివారలను సంఘం కట్టి నిలబెట్టిన్రు, తర్వాత నల్లగొండ నుంచి రెండుసార్లు లోక్‌సభకు పోయిన్రు, 2011ల కాలం చేసిన్రు. సొసైటీలు, గీసేటోని పేరు మీదనే చెట్టు లైసెన్సు, ఇవన్నీ అట్లాంటి కొట్లాటల ఫలితం.

ఇంకా వెనక్కి పోతే సర్వాయి పాపన్న. కల్లు గీసే ఇంట్ల పుట్టి, మొగలుల జమీందార్ల మీద తిరగబడి, షాపూర్‌ల కోట కట్టుకుని, 1708ల వరంగల్ మీద, మరుసటేడు మన భువనగిరి మీద పడ్డడు. ఢిల్లీల బహదూర్‌షా గద్దె మీదున్న రోజులు. చివరకు 1710ల పట్టుకుని చంపిన్రు. మీ బాబు ఆ కోట గోడ దగ్గర నిలబడ్డప్పుడు చెప్పండి, మోకుతోని తాళ్ళెక్కే కులంల పుట్టినోడు ఇంత కోట మీదికి వచ్చిండని.

ఇంకొకటి. నిజాం రాజ్యంల తెలుగోళ్ళ సంఘం ఆంధ్ర మహాసభ, దాన్నే జనం సంగం అనేటోళ్ళు, 1944ల దాని పదకొండో మహాసభ జరిగింది భువనగిరిలోనే. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు, ఆయనది పక్కనే ఉన్న బొల్లేపల్లి. సభ్యత్వం రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గించిన్రు. ఈ ఒక్క నిర్ణయంతోని పల్లెల కూలోడు, గీసేటోడు, చాకలోడు అందరూ లోపలికి వచ్చిన్రు, సంగం అంటే చదువుకున్నోళ్ళ మీటింగు కాకుండ పోయింది. తర్వాత ఏమైందో అందరికీ తెలిసిందే. 1952 ఎన్నికల్ల నల్లగొండ నుంచి ఆయనకొచ్చిన ఓట్లు నెహ్రూ కంటె ఎక్కువ.

కోటకాడి_శీను
సార్ మీరు పూర్ణ ముచ్చట మర్చిపోయిన్రు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఇద్దరూ మొదలు తాడు పట్టుకుని నేర్చుకున్నది మన కోట గుండు మీదనే, ఇక్కడ రాక్ క్లైంబింగ్ స్కూలుంది. అప్పటికి పూర్ణకు పద్నాలుగు నిండలే. అక్కా, మీ బాబుకు ఇది చెప్తే సర్రున ఎక్కుతడు, చూడుండ్రి.

చౌటుప్పల్_చేనేత
వాణి చెల్లె, మామ సోలాపూర్ పద్మశాలి అన్నవ్ కద, కోట ఎక్కలేకపోయినా ఫికర్ లేదు, పోచంపల్లి తీసుకరా. మీ మామ దినమంత అక్కడికెళ్ళి కదలడు. మ్యూజియం ఉంది, కాని అది కాదు, వీధుల్ల నడువుండి, ఇండ్లల్ల ఆసు పోసేది (నూలును మేకుల చుట్టు తిప్పుడు), చిటికి కట్టేది (రంగు అంటకుండ నూలును బిగించి కట్టుడు), రంగుల ముంచేది అన్నీ కనవడుతయి. నూలు మీదనే ముందుగాల బొమ్మ లెక్క కట్టి రంగేసి తర్వాత నేస్తం, అదీ మా పని. ఒక్క చీరకు ఆసు పోయాలంటే దాదాపు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటు ఇటు ఆడాలె, మా అమ్మకు కుడి భుజం ఇప్పటికీ పైకి లేవది. ఆలేరు దిక్కు శారాజిపేట చింతకింది మల్లేశం వాళ్ళమ్మ కష్టం చూడలేక ఆసు యంత్రం చేసిండు, అమ్మ పేరు మీద లక్ష్మి ఆసు యంత్రం అని పెట్టిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆయన బొమ్మకు కాదు, ఆ మిషన్‌కే దండం పెట్టాలనిపిస్తది నాకైతే.

వినోబా భావే 1951 ఏప్రిల్ 18న వచ్చింది మా పోచంపల్లికే. హరిజనులు ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇస్తనని లేచి నిలబడ్డడు, భూదానం అక్కడ మొదలైంది.

పాలమూరు_పద్మ
నేను ఇది చదువుకుంట ఆలోచించిన. నీరా ముచ్చట నాకు తెల్వదు తమ్ముడు. చెట్టు కాడ చూపిస్తే నాకేం అభ్యంతరం లేదు. కాని దుకాణాల ముంగట ఫోటోలు దిగి ఇంటర్నెట్ల పెట్టకుండ్రి, అక్కడ కూసున్నోళ్ళల్ల మా మామ అసొంటోళ్ళుంటరు.

వలిగొండ_వాణి
పద్మక్కా, పెట్టను, మాట ఇస్తున్న. అందరికీ దండాలు, ఫిబ్రవరి చివర్ల వస్తున్నం. యాదగిరిగుట్ట, కొలనుపాక గూడ అయితయా?

రిటైర్డ్_సోషల్_సార్
గుట్ట పక్కనే, నల్లరాతితోని గుడి మొత్తం కట్టి 2022 మార్చి 28న తెరిచిన్రు, శని ఆదివారాలు మాత్రం జనం విపరీతం. కొలనుపాక మీద నాకు ప్రేమ ఎక్కువ. ఆలేరు నుంచి ఆరేడు కిలోమీటర్లు. జైనులకు చాలా పాత తీర్థం, పచ్చరాతి మహావీరుడు ఉన్నడు, ఒకటే రాయి, దాదాపు నాలుగడుగులు పైన. ఆ ఊర్లోనే సోమేశ్వరాలయం, వీరశైవులకు రేణుకాచార్యుడు అక్కడి లింగం నుంచి పుట్టిండని నమ్మకం. ఒకప్పుడు చాళుక్యుల కింద కొల్లిపాక ఏడువేలు అనే సీమకు రాజధాని. ఇప్పుడు చిన్న ఊరు, వీధుల్ల నడుస్తుంటే ఇండ్ల గోడలల్ల పాత శిల్పాలు కనపడుతయి. తొందరలో చూసేది కాదది, రెండో రోజు పూర్తిగ దానికే పెట్టండి.

వలిగొండ_వాణి
వచ్చి పోయినం. మార్చి అయింది, లేటుగ రాస్తున్నందుకు క్షమించుండ్రి.

మొదటి రోజు పొద్దుగాల అయిదింటికే మోకు_ముత్తాదు తమ్ముడు వాళ్ళ ఊరికి తీసుకపోయిండు. చీకట్ల తాటివనం అట్లుంటదని నాకు తెల్వదు, గాలికి మట్టలు కొట్టుకుంటుంటే వాన పడుతున్నట్టు చప్పుడు. వాళ్ళ చిన్నాయిన కాటమయ్యకు మొక్కి ఎక్కిండు, నడుముకు కొత్త కిట్టు గూడ కట్టుకున్నడు, మా బాబు నోరు తెరుచుకుని చూస్తనే ఉన్నడు. దింపినంక తాటాకు రేకల నీరా పోసిన్రు. బాబు రెండు రేకలు తాగిండు. మా మామ కల్లు తాగిండు, సోలాపూర్ పోయినంక యాభై ఏండ్లకు మొదటిసారి అన్నడు, రేకను రెండు చేతులతోని పట్టుకుని చానా సేపు మాట్లాడలే. గుడాలు, ఎండు చేపలు పెట్టిన్రు, పైసలియ్యబోతే తీసుకోలే.

వాళ్ళ నాయిన వాకిట్ల కూసుని ఉండె. బాబును దగ్గరికి పిలిచి, తన అరచెయ్యి చూపించిండు, మోకు పట్టుకుని పట్టుకుని చర్మం చెక్క లెక్క అయింది. బాబు దాని మీద వేలు పెట్టి చూసిండు. ఇంటికొచ్చినంక స్కూల్ల రాసేది ఉంటే దాని గురించే రాసిండు, మరాఠీల.

కోట రెండో రోజు పొద్దుగాల ఎక్కినం, కొలనుపాక ఈసారి వదిలేసినం సార్, మామ పోచంపల్లిల ఇరుక్కపోయిండు, చేనేతన్న చెప్పినట్టే అయింది. పైన బారాదరి కాడికెళ్ళి చూస్తే తాళ్ళు ఒక దిక్కు చిక్కగున్నయి, హైవే దిక్కు ఏమీ లేవు, ప్లాట్ల రాళ్ళు తెల్లగ మెరుస్తున్నయి. ఒక చెట్టు కల్లుకు రావాలంటే పదిహేను ఇరవై ఏండ్లు పడుతదట కద తమ్మీ?

మోకు_ముత్తాదు
అవునక్కా, తక్కువల తక్కువ. మా నాయిన ఇంకా అడుగుతనే ఉన్నడు, ఆ పిలగాడు మళ్ళ ఎప్పుడొస్తడని. మే నెలల ముంజలు దిగుతయి, గప్పుడు రండి. మా చెలక గట్టు మీద ఈ వానకాలం నలభై తాటిగింజలు పాతుదామనుకుంటున్న, పండ్లు రాలేదాక ఆగాలె. బాబు వస్తనంటే వాని పేరు మీద నాలుగు పాతుతా.

వలిగొండ_వాణి
నాలుగు కాదట, పది అంటున్నడు.